స్పిన్‌స్టర్ పగ

ముంబైలో ఎవరో కాల్చి చంపిన కర్ణాకర్ జేబులో ఒక కార్డు దొరికింది. దాని మీద ఒకే ఇంగ్లీషు మాట: స్పిన్‌స్టర్. పెళ్లి కాకుండా మిగిలిపోయిన ఆడది అని వెక్కిరింత. ఆ వెక్కిరింత ఏజెంట్ సింధూజకే. మరో మూడు వారాల్లో కర్ణాకర్‌తో ఆమె పెళ్లి జరగాల్సింది.

సింధూజ ఆ మాటనే తన కోడ్ నేమ్‌గా పెట్టుకుంది.

నాలుగేళ్ల తర్వాత చీఫ్ కాశీనాథం ఫైల్ ముందుకు తోశాడు. హంతకురాలు ఉజ్వల. ఒకప్పటి సహోద్యోగి, అందగత్తె, డబుల్ ఏజెంట్. సర్జరీతో ముఖం మార్చుకుంది. ఇప్పుడు సిద్దిపేటలో నేత కార్మికురాలి వేషం. మన ఏజెంట్ల అసలు పేర్ల లిస్టు మధ్యాహ్నం మూడింటికి విదేశీ ముఠాకు పంపబోతోంది.

"ప్రాణాలతో కావాలి," అన్నాడు చీఫ్. సింధూజ పిస్టల్ నడుముకు దోపుకుంది.

నూలు బేరానికి వచ్చినట్టు, ఉజ్వల చేరిన ఐలయ్య మగ్గాల షెడ్డులోకి అడుగుపెట్టింది. కొత్తగా చేరినవాళ్లు ఇద్దరే. ఇద్దరివీ చురుకైన చేతులే. మూడింటికి రెండు నిమిషాలున్నాయనగా ఇద్దరూ నేసిన చీరలు మగ్గాల మీంచి దించారు. మొదటామె దువ్వెనలాంటి పన్నెలో జానెడు పాత పోగులు వదిలేసింది. కొత్త పోగులు వాటికే ఒక్కొక్కటిగా అతుకుతారు. రెండో ఆమె మొత్తం కత్తిరించి, లాగేసి, శుభ్రంగా తుడిచింది.

నేతింట్లో పుట్టిన సింధూజ రెండో ఆమె వైపు నడిచింది. నేత తెలిసినవాళ్లెవరూ పన్నె ఖాళీ చేయరు.

"ఉజ్వలా."

ఆమె వేలు ఫోన్ నొక్కేసింది. స్క్రీన్ మీద కౌంట్‌డౌన్: పది, తొమ్మిది. సింధూజ సిగ్నల్ ఆపే పెన్ను జామర్ నొక్కింది. అంకె రెండు దగ్గర ఆగిపోయింది. పిస్టల్ ఉజ్వల నుదుటికి ఆనింది.

ఉజ్వల నవ్వింది. "ఇంక లగ్గం కాలేదానే, స్పిన్‌స్టర్?"

"గది ముందుగాల పని పేరు," అంది సింధూజ. "నూలు వడికే మనిషి, మా అవ్వ లెక్క. ఆ పనితోని ఆడోళ్లు సొంతంగ బతికిన్రు. తర్వాత కోర్టు కాగితాల్ల పెండ్లి కానామెకు గదే రాసిన్రు. తిట్టు చేసింది ఆఖరికి. నువ్వు ఆఖరుదొక్కటే చదివినవ్."

ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది. కర్ణాకర్ ముఖం కళ్ల ముందుకొచ్చింది. వేలు మెల్లగా సడలింది.

"చస్తే నీకు ఒక్కపూటల అయిపోతది. నీ ముఠాల ఒక్కొక్కని పేరు నీ నోటితోనే చెప్పిస్త. రోజూ వస్త."

నూలు తాడుతో ఆమెను మగ్గం గుంజకు కట్టేసింది.

లోపలికొచ్చిన ఐలయ్యకు సింధూజ హత్య, దేశద్రోహం అన్నీ వివరించింది. ఆయన చూపు మాత్రం ఖాళీ పన్నె మీదే ఉంది.

"ఖూనీ సంగతి సర్కారు చూస్కుంటది బిడ్డా. ఇన్ని పోగులు మళ్ల మొదటి సంది ఎక్కియ్యాలంటే నాలుగొద్దుల పని. గది ఏ సెక్షన్ కింద రాస్తరు?"