పనికి ముందు

వైరు ఊడి రావడం లేదు.

అందరూ చీమ అని పిలిచే ఆమె పళ్ల బిగువున లాగుతుంది. స్క్రూడ్రైవర్ జారుతుంది. బొటనవేలు చీరుకుపోతుంది.

రక్తం.

తుడుచుకునే తీరిక లేదు.

ఎర్రటి సిలిండర్. ఆమె కంటే జానెడు ఎత్తు. దాని మెడ మీద అగ్గిపెట్టెంత ఇత్తడి మూత. ఆ మూతలోంచి ఒకే ఒక్క వైరు గోడలోకి పోతుంది. గోడకు అవతల సర్వర్ గది. అక్కడ మంట లేస్తే ఆ వైరు గుండా ఆజ్ఞ వస్తుంది. సిలిండర్ విచ్చుకుంటుంది. పది సెకన్లలో గది నిండా గ్యాస్. మంట ఆరిపోతుంది.

లోపల మనిషి ఉంటే మనిషీ ఆరిపోతాడు.

పదకొండు రోజుల క్రితం ఒకడు అలాగే ఆరిపోయాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడు!

దగ్గరవుతోంది…

ఆమె రెండు చేతులతో పట్టి మెలితిప్పుతుంది. టక్. వైరూ, దాని చివరి పిన్నూ చేతిలోకి వచ్చేస్తాయి. జేబులో వేసుకుంటుంది. సిలిండర్ అల్మారా తలుపు మూస్తుంది.

వరండా మలుపులో ఇన్‌స్పెక్టర్. ఆదివారం మధ్యాహ్నం. మఫ్టీ. మొహం నిండా చిరాకు.

"అరగంట," అంటాడు. "కునుకు పట్టేవేళకి లేపావు. అరగంటలో ఏమీ తేలకపోతే రేపు మీ తమ్ముడితో పాటు నిన్నూ కోర్టు మెట్లెక్కిస్తా. వేలికేమైంది?"

"కోపం సార్. రండి."

*

ఆ సంస్థ పని ఇతరుల సర్వర్లను నడపడం. ఉన్నవి ఆరే పెద్ద యంత్రాలు. వాటిలో తొంభై సర్వర్లు. ఒక్కో భవనంలో పదిహేను వాటాలు చేసి అద్దెకిచ్చినట్టు, ఒక్కో యంత్రంలో పదిహేను సర్వర్ల కాపురం. ఒక వాటాలో ఆస్పత్రి. ఒక వాటాలో ట్రాన్స్‌పోర్టు కంపెనీ. ఒక మూల వాటాలో ఈ భవనపు తలుపుల సర్వర్. ఎవరి కార్డుతో ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుందో రాసిపెట్టేది అదే. గ్యాస్ సిలిండర్‌కు ఆజ్ఞ ఇచ్చేదీ అదే.

ఆ వైర్ల సందుల్లో ఎక్కడైనా దూరగల పొట్టి మనిషి కాబట్టి ఆమెను అందరూ చీమ అంటారు. బ్యాకప్‌ల పని, అంటే సర్వర్లు చెడితే వాడుకునే నకళ్ల పని చూసేవాణ్ణి టేపు అనేవారు. ఆ ఇద్దరికీ పని నేర్పినవాడు మాస్టారు. సర్వర్ల విభాగానికి పెద్ద.

పదకొండు రోజుల క్రితం, రాత్రి. టేపు సర్వర్ గదిలో ఒంటరిగా ఆస్పత్రి బ్యాకప్‌ను పరీక్షిస్తున్నాడు. తలుపు బిగుసుకుంది. గ్యాస్ విడుదలైంది. తెల్లారి గాజు తలుపుకు చెంప ఆనించి కూర్చున్నట్టు కనిపించాడు. గాజు మీద అరచేతుల మరకలు.

తలుపుల సర్వర్ ఒకే పేరు చెప్పింది. పదకొండూ నలభై ఏడుకు ఆ తలుపు దగ్గర పడిన కార్డు సెక్యూరిటీ గార్డుది.

ఆ గార్డు చీమ తమ్ముడు.

మర్నాడు తమ్ముణ్ణి లాక్కెళ్లారు. ఆ మర్నాడు చీమ కార్డు రద్దు చేశారు. హంతకుడి అక్కకు సర్వర్ గదిలో ఏం పని?

నిన్న స్టేషన్లో ఊచల వెనక నుంచి తమ్ముడు అన్నాడు.

"సంతకం పెట్టేస్తానక్కా."

"చేయని పనికి సంతకమేంట్రా."

"పెడితే నిద్రపోనిస్తామన్నారు."

ఆ మాట దగ్గర నుంచి ఆమెకు నిద్ర లేదు. రేపు పది గంటలకు కోర్టు. ఆ లోపు వాడి చేతికి పెన్ను ఇస్తారు. అంతే. ఇరవై రెండేళ్ల జీవితం అక్కడితో సరి.

ఈ మధ్యాహ్నం మేనేజరు ఫోను.

"చీమా, తొంభై సర్వర్లూ ఆగిపోయాయి. మాస్టారు ఫోన్ ఎత్తడం లేదు. నువ్వొచ్చి లేపు తల్లీ. పాతవి మనసులో పెట్టుకోకు."

పాతవి. లాకప్‌లో ఉన్న తమ్ముడు ఆయనకు పాతది!

నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

వచ్చింది.

*

"ఇదే కంట్రోల్ రూమ్," అంటుంది ఇన్‌స్పెక్టర్‌తో.

రెండు కుర్చీలు. ఒక స్టీలు బీరువా. మూడు స్క్రీన్లు. ఎదురుగా మందపాటి గాజు గోడ. గాజు అవతల సర్వర్ గది… ఇప్పుడు ఖాళీ. మాట్లాడుకోవడానికి గోడకొక ఇంటర్‌కమ్.

"డిస్క్ నిండిపోయింది సార్. అందుకే అన్నీ ఆగాయి. పనికిరాని ఫైళ్లు తీసేసి ఆస్పత్రినీ తలుపుల సర్వర్‌నీ ముందు లేపా. ఇంకో గంటకు సరిపడా ఊపిరి ఉంది."

"నాకెందుకిదంతా?"

"డిస్క్ నింపిందెవరో చూడండి."

స్క్రీన్ మీద తలుపుల సర్వర్. దాని కింద బుడిపెలా వేలాడుతూ ఒక స్నాప్‌షాట్.

"సర్వర్ మీద ఏ పని చేసినా ముందు స్నాప్‌షాట్ తీస్తాం. ఆ క్షణంలో సర్వర్ ఎలా ఉందో అలాగే పట్టి పెట్టడం. ఇది ఫొటో కాదు సార్. నిద్రపుచ్చిన మనిషి. లేపితే, ఎక్కడ మాట ఆపిందో అక్కణ్నుంచే మళ్లీ మాట్లాడుతుంది. పని చెడితే వెనక్కి రావడానికి. పని అయ్యాక తీసేయాలి. తీయడం మరిచిపోతే పక్కన మార్పులన్నీ పేరుకుంటూ డిస్క్‌ను మింగేస్తాయి."

"ఎవడో మరిచిపోయాడు. అయితే?"

"ఎప్పుడు తీశాడో చూడండి."

ఇన్‌స్పెక్టర్ వంగుతాడు. చిరాకు కొంచెం సడలుతుంది.

టేపు చచ్చిపోయిన రాత్రి. పదకొండూ నలభై తొమ్మిది.

"పేరు చదవండి."

"పనికి ముందు."

"మాస్టారు నేర్పిన అలవాటు. ఆ పేరు పెట్టేవాళ్లం, ఈ సర్వర్ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లం ముగ్గురమే. టేపు గాజు వెనక చిక్కుకుపోయి తలుపు బాదుతున్నాడు. నేను మీ స్టేషన్ పక్క వీధిలోనే, మా మేనత్త ఇంట్లో, పదిమంది చుట్టాల మధ్య ఉన్నాను. మీరే వాకబు చేశారు. ఇక మిగిలిందెవరు?"

ఇన్‌స్పెక్టర్ స్క్రీన్ మీది టైము మళ్లీ చూస్తాడు.

"రికార్డు చెరపడానికి కూర్చున్నాడు సార్. తన కార్డు వరుసలు తీసేసి మా వాడి కార్డు అంటించడానికి. కానీ చెయ్యి ఊరుకోలేదు. పాతికేళ్ల అలవాటు. చెరిపే ముందు కూడా స్నాప్‌షాట్ తీసుకున్నాడు."

ఆ సంగతి తెలిసిన క్షణం నుంచి ఆమె లెక్కలో మాస్టారు 'ఆయన' కాడు. వాడు.

మరొకరైతే అప్పుడే అరిచి గోల చేసేవారు. ఆమె ముందు ఆ స్నాప్‌షాట్‌ను బయటి డిస్క్‌లోకి కాపీ తీసింది. ముందు కాపీ. తర్వాతే కోపం. ఆ కాపీ తెరిచి చివరి మూడు వరుసలు చదివింది. మూడో వరుస రెండుసార్లు చదివింది.

అప్పుడే స్క్రూడ్రైవర్ పట్టుకుని లేచింది.

ఇన్‌స్పెక్టర్ మెడ రుద్దుకుంటాడు.

"బాగానే ఉందమ్మా. కానీ ఈ గీతలు నువ్వైనా రాసి ఉండొచ్చు. కంప్యూటర్ మాట నేను నమ్మను."

"మా తమ్ముడి కార్డు విషయంలో నమ్మారుగా."

"అది మాస్టారు చదివి చెప్పాడు. సంతకం పెట్టాడు. మనిషి నోటితో చెబితే వింటా. యంత్రం చెబితే వినను."

ఆమె స్టీలు బీరువా వైపు చూస్తుంది.

"సరే సార్. నోటితోనే చెప్పిస్తా. ఆ బీరువా వెనక నిలబడండి. దగ్గొచ్చినా దగ్గకండి."

ఫోన్ తీస్తుంది. మేనేజరు ఎన్నిసార్లు చేసినా ఎత్తని నంబరు. ఫోన్ కాదు, ఒక మెసేజ్.

తలుపుల సర్వర్ కింద పాత స్నాప్‌షాట్ కనిపించింది మాస్టారూ, ఎవరిదో తెలీదు, లోపల ఏముందో చూసి తీసేయమంటారా?

తొమ్మిది సెకన్లు.

ఫోన్ మోగుతుంది!

"ముట్టుకోకు," అంటుంది అవతలి గొంతు. "నేనొస్తున్నా."

*

పావుగంటలో వస్తాడు మాస్టారు. నెరిసిన జుట్టు. ఇస్త్రీ నలగని చొక్కా. నుదుటి మీద మాత్రం చెమట.

"నిన్నెవరు రమ్మన్నారు చీమా?"

"మేనేజర్‌గారు మాస్టారూ."

"పాపం, తమ్ముడి గొడవలో ఉన్నావు. ఇవన్నీ నీకెందుకు? లే. నేను తీసేస్తా."

ఆమె లేస్తుంది. అతను కూర్చుంటాడు. 'తొలగించు' నొక్కుతాడు.

ఎర్ర అక్షరాలు. స్థలం చాలదు.

మళ్లీ నొక్కుతాడు. మళ్లీ అదే.

"నేనూ చూశాను మాస్టారూ. పేరుకున్నదంతా కలపాలంటే ఖాళీ కావాలి. కొత్త డిస్క్ పెడితే గాని కదలదు." బల్ల మీది పెట్టె చూపిస్తుంది. "మూడో రాక్‌లో గూడు ఖాళీగా ఉంది. నేనే పెట్టేదాన్ని. నా కార్డు మీరు రద్దు చేశారుగా."

అతను ఆమెను చూస్తాడు. రెండు క్షణాలు…

ఆమె నేల చూపులు చూస్తుంది. తలెత్తితే కళ్లలో అంతా కనిపించిపోతుంది.

"మంచి పిల్లవి," అంటాడు. డిస్క్ అందుకుంటాడు.

కార్డు. పచ్చ దీపం. తలుపు తెరుచుకుంటుంది. వెనకే మూసుకుంటుంది.

ఆమె కుర్చీలోకి జారుతుంది. కర్సర్ స్నాప్‌షాట్ మీదికి వెళుతుంది. రెండు దారులు.

తొలగించు.

వెనక్కి వెళ్లు.

నొక్కుతుంది.

తలుపుల సర్వర్ కన్ను మూస్తుంది. కన్ను తెరుస్తుంది. దానికి ఇప్పుడు పదకొండు రోజుల నాటి రాత్రి. పదకొండూ నలభై తొమ్మిది.

ఖట్!

గాజు తలుపు తాళం.

మాస్టారు తిరిగి చూస్తాడు. తలుపు దగ్గరికి వచ్చి లోపలి బటన్ నొక్కుతాడు. కదలదు. ఇంటర్‌కమ్‌లో గొంతు ప్రశాంతంగానే ఉంది.

"చీమా, తలుపు బిగుసుకుంది. చూడు."

"బిగుసుకోలేదు మాస్టారూ. సర్వర్‌ని వెనక్కి పంపాను."

"ఎక్కడికి?"

"పనికి ముందుకు."

మాస్టారు బటన్ వదిలేస్తాడు.

అలారం మోగలేదు. ఎర్ర దీపం వెలగలేదు. గదిలో ఏ సూచనా లేదు.

అయినా మాస్టారు తలెత్తి పైకప్పులోని గ్యాస్ గొట్టాల వైపు చూస్తాడు.

"ఆపు." గొంతు చీలుతుంది. "చీమా, ఆపు. ఎనభై సెకన్లే ఉంది."

"దేనికి?"

"గ్యాస్! టైమర్ నడుస్తోంది!"

"ఏ టైమర్? మా తమ్ముడు గ్యాస్ వదిలే ఎర్ర బటన్ నొక్కాడని కదా మీరు సంతకం పెట్టింది?"

అతను గాజును గుద్దుతాడు. అరచేతులు. సరిగ్గా టేపు అరచేతులు ఆనిన చోటే.

"బటన్ కాదు… నేనే పెట్టా. రెండు నిమిషాలకు పెట్టా. తలుపు బిగించి, అలారం మోగకుండా చేసి… తలుపు తియ్యి."

"రెండు నిమిషాలు. అందులో నలభై సెకన్లు గడిచాక కూర్చుని స్నాప్‌షాట్ తీశారు. లోపల వాడు గాజు కొడుతుంటే."

"చీమా…"

"చూస్తూ కూర్చోలేకపోయారా మాస్టారూ? ఖాళీగా ఉండటం ఇష్టం లేదా?"

"ఆస్పత్రికి చెప్పేస్తానన్నాడు!" అతని ఊపిరి గాజు మీద ఆవిరవుతోంది. "మూడేళ్ల బ్యాకప్‌లు ఖాళీ అని… ప్రతి నెలా పరీక్షించామని నేను సంతకం… వాడికి ఎంతో చెప్పి చూశా. వినలేదు. రద్దు కోడ్ చెబుతా, కొట్టు. ఏడు, ఒకటి, ఒకటి…"

"మా తమ్ముడి కార్డు?"

"నేనే రాశా. ఆ టైముకి అటు తిరిగేది వాడొక్కడే కదా. నేనే రాశా. కోడ్ కొట్టవే…"

ఆమె చేతులు కట్టుకుని కూర్చుంటుంది. కీబోర్డును ముట్టుకోదు.

ముప్పై.

బీరువా వెనక నుంచి ఇన్‌స్పెక్టర్ ఒక్క దూకు దూకుతాడు.

"కోడ్ కొట్టు!"

"కొట్టను."

"వాడు చస్తాడు. చస్తే నువ్వూ లోపలికే పోతావు. కొట్టు."

"కొట్టను సార్."

పదిహేను.

మాస్టారు మోకాళ్ల మీద కూలబడతాడు. చొక్కా అంచుతో ముక్కు మూసుకుంటాడు. ఇన్‌స్పెక్టర్ తలుపును భుజంతో గుద్దుతాడు. కదలదు. మళ్లీ గుద్దుతాడు.

ఆరు.

ఇన్‌స్పెక్టర్ చెయ్యి నడుము దగ్గరికి పోతుంది. రివాల్వర్ పైకి లేస్తుంది. తాళం పక్కన గాజుకు గురి…

మూడు.

ధన్!

గాజు మీద సాలెగూడు పరుచుకుంటుంది. పగలదు.

సున్నా.

ఇన్‌స్పెక్టర్ గొట్టాల వైపు చూస్తాడు. మాస్టారు కళ్లు మూసుకుంటాడు.

గొట్టాలు పైన అలాగే ఉన్నాయి. సర్వర్ల పంకాలు ఎప్పటిలాగే రొద పెడుతున్నాయి. అంతే. ఇంకేమీ లేదు.

చీమ జేబులో చెయ్యి పెడుతుంది. చిన్న వైరు. చివర పిన్ను. దాని మీద ఆమె రక్తం ఎండి నల్లబడింది. ఇన్‌స్పెక్టర్ ముందు బల్ల మీద పడేస్తుంది.

అతను రివాల్వర్ నడుముకు దోపుకుంటాడు.

"నాకు ముందే చెప్పొచ్చుగా," అంటాడు. "ప్రాణం పోతుందనుకున్నా."

"చెబితే అలా పరుగెత్తేవారా?"

అతను వైరు చేతిలోకి తీసుకుంటాడు.

"నోటితో చెబితే వింటానన్నారు." ఆమె కుర్చీలోంచి లేస్తుంది. "పది రోజులుగా మా తమ్ముడు నోటితోనే చెబుతున్నాడు సార్."