కవలల్లో చిన్నది

"ఈ పాప మీ అమ్మాయా అండీ?"

హాస్టల్ నుంచి వచ్చినావిడ అడిగిన ఆ ఒక్క మాటకి అక్క చెయ్యి చప్పున తన బుగ్గ మీదికి పోయింది! పక్కన కూర్చుని పుస్తకం వెన్నుకి జిగురు రాస్తున్న చిట్టి ఆమెకి కవల చెల్లెలు. ఇద్దరికీ నిండా నలభై. అయినా చూసినవాళ్లకి ఒకరు తల్లి, ఇంకొకరు కాలేజీ పిల్ల!

అమ్మ పోయి నెల తిరగలేదు. చిట్టికి ఆటిజం కదా, ఒంటరిగా ఉండలేదని అన్నయ్య తేల్చేశాడు. అమ్మ ఇంటి ఈ ముందుగదిలోనే ఏళ్ల తరబడి పుస్తకాలు బైండింగ్ చేసి తన తిండి తాను సంపాదించుకుంటున్న మనిషిని, ఇలాంటివాళ్లని చూసుకునే హాస్టల్లో పడేస్తాడట! పైగా, "నువ్వు ఊఁ అని నవ్వుతూ కూర్చో, చాలు" అని పొద్దున్నే అక్కకి పాఠం చెప్పి ఉంచాడు. నవ్వడానికేం! అత్తగారు ఈసడిస్తే నవ్వింది... మొగుడు నలుగురిలో తీసిపారేస్తే నవ్వింది... పంటిబిగువున నవ్వీ నవ్వీ నోటికి రెండు పక్కలా గీతలు పడ్డాయి. ఆ గీతల్నే లోకం పెద్దరికం అనుకుంటోంది, ఖర్మ!

"నా చెల్లెలండీ. మేం కవలలం" అంది అక్క.

ఆవిడ నోరెళ్లబెట్టింది. "మరి ఇంత లేతగా..."

చిట్టి తలెత్తకుండానే చెప్పింది. "అందరూ అడుగుతారు. డాక్టరమ్మని అడిగాను. ఆటిజం ఉన్నవాళ్లందరూ ఇలా ఉండరట. ఎందుకో గట్టిగా ఎవరికీ తెలీదట. నాకు తోచింది చెప్తాను. నాకు నవ్వొస్తేనే నవ్వుతాను. అక్కకి రాకపోయినా నవ్వుతుంది. ఒకేచోట మడుస్తూ ఉంటే కాగితానికైనా గీత పడుతుంది."

అక్క కళ్లు నిండిపోయాయి... తన కష్టం ఒక్కరికీ పట్టలేదనుకుంది ఇన్నాళ్లూ. చూసిన మనిషి పుట్టింట్లోనే ఉంది!

"విన్నారుగా, చిన్నపిల్ల మాటలు!" అన్నాడు అన్నయ్య. "నువ్వు చెప్పవే" అంటూ అక్కకి కనుసైగ చేశాడు.

అలవాటు కొద్దీ అక్క పెదాలు సాగబోయాయి. ఆపేసుకుంది.

"ముఖం చూసి వయసు కట్టకన్నయ్యా! ఎక్కడుంటావని దాన్నొక్కసారి అడిగావా?"

"అడగలేదు" అంది చిట్టి. "ఇక్కడే ఉంటాను. వండుకోవడం వచ్చు. బ్యాంకుకి మాత్రం ఎవరైనా తోడు రావాలి. అక్కడ గోల నేను పడలేను."

"నేనొస్తాను! మా ఇంట్లో ఎవరేమనుకున్నా వస్తాను!" అంది అక్క.

"సర్లేవే, ఆ ముఖమేమిటి? కాస్త నవ్వు..." అన్నాడు అన్నయ్య.

"నవ్వు రావట్లేదన్నయ్యా."

హాస్టల్ ఆవిడ సంచి భుజానికి తగిలించుకుని లేచింది. "ఇంత వయసున్న మనిషి రానంటే నేనెలా తీసుకెళ్తానండీ?" అని గడప దాటింది. అన్నయ్య గొణుక్కుంటూ ఆవిడ వెనకే నడిచాడు.

చిట్టి బ్రష్ పక్కన పెట్టి, ఎన్నడూ లేనిది, అక్క ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఇప్పుడు మనిద్దరం కవలల్లా ఉన్నాం" అంది.

అక్కకి నవ్వొచ్చింది... అదంతటదే!