వెనక మెట్ల తలుపు

ఆ కుట్టు హాలులో వెనక మెట్ల తలుపు పక్క వరసలో ఎవరూ కూర్చోరు. ఆరు మిషన్లు, ఆరు స్టూళ్లు, ఏళ్ల తరబడి ఖాళీ. పట్టపగలు కూడా అటు చూసి గుటక మింగేవాళ్లే.

ఊరికే కాదు. ఒకప్పుడు రాత్రి షిఫ్టులో మంటలు లేచాయి. వెనక తలుపుకు తాళం. ఆ వరసలోని ఆరుగురూ తలుపు మీద కొట్టి కొట్టి... అక్కడే అయిపోయారు. దెయ్యాలు శ్మశానంలో పుడతాయంటారు. అబద్ధం. మనిషి వేసిన తాళం దగ్గర పుడతాయి.

నాకీ సంగతి చెప్పిన మనిషి అక్కడ కాలర్లు కుట్టి కుట్టి చూపు పోగొట్టుకుంది. ఆమెకు అబద్ధంతో పనిలేదు.

నిద్ర ఆపుకోవడానికి రాత్రి షిఫ్టు ఆడవాళ్లకో ఏర్పాటుండేది. ఒకామె కథ చదవాలి, మిగతావాళ్లు కుట్టాలి. చదివే మనిషి వంతు కాలర్లు తలా రెండు పంచుకునేవాళ్లు. ఆమెకి కథలక్క అనే పేరు పడిపోయింది. ఆమె దగ్గర అట్ట ఊడిన లావుపాటి పుస్తకం ఒకటుంది. అన్నీ పాతకాలపు వింత కథలు, భయం కథలు. నిద్రకు భయాన్ని మించిన విరుగుడు లేదు మరి! ఒక్కటే కట్టుబాటు: మొదలుపెట్టిన కథ సగంలో ఆపకూడదు. మంటలు లేచిన రాత్రి కూడా ఎవరో ఏదో చదువుతూనే ఉన్నారట. సగంలో ఉండగా...

మంటల తర్వాత ఏళ్లకి, ఒక రాత్రి కథలక్క చదువుతున్న కథ వీధి దీపాలు వెలిగించే ఒక ముసలాయనది. ఆయన వీధిలో ఎప్పుడూ పన్నెండు దీపాలే. ఆ రోజు పదమూడోది కనబడింది. దగ్గరికి వెళితే అది అప్పటికే వెలుగుతోంది. దాని కింద ఎవరో అటు తిరిగి నిలబడి ఉన్నారు. ముసలాయన భుజం మీద చెయ్యి వేశాడు—

టక్!

చప్పుడు పుస్తకంలోది కాదు. కొత్త సూపర్‌వైజరు వెనక తలుపుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంటున్నాడు.

"గుడ్డ తాన్లు ఈ మెట్ల మీంచే పోతున్నాయి. కింది తలుపుకీ వేసొచ్చాను. ఇకనుంచి రాత్రిళ్లు ఇంతే."

మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కథలక్క పుస్తకం మూసింది.

"తాళం తీస్తేనే కథ. కథ ఉంటేనే కుట్టు."

"నన్నే బెదిరిస్తున్నావా? రేపట్నుంచి గేటు బయట చదువుకో నీ కథలు."

"గేటు బయటైతే నయమే సారూ," అంది కాజాలు తీసే వదిన. "అక్కడ తాళాలుండవు."

కథలక్కకు ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఈ పని పోతే పొయ్యిలో పిల్లి లేవదు. అయినా పుస్తకం తెరవలేదు.

దాన్ని ఒళ్లో పెట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది.

"తర్వాత?"

చాలా మెల్లగా. ఖాళీ వరస వైపు నుంచి.

"ఎవరది? నాటకాలాడుతున్నారా?" అన్నాడు సూపర్‌వైజరు.

"తర్వాత... ఏమైంది?"

ఈసారి తలుపు దగ్గర. దగ్గు అణుచుకుని అడిగినట్టు.

కథలక్క పుస్తకాన్ని గుండెకు హత్తుకుంది. ఆ చీకటికేసి చూస్తూ అనేసింది.

"తాళం వేశారమ్మా... తీస్తే చెబుతా."

అంతే. తలుపు గడగడా ఊగిపోయింది.

సూపర్‌వైజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. తాళంచెవి రెండుసార్లు జారి పడింది. ఎలాగో తాళం తీసి, తలుపు లాగాడు.

మెట్ల మీద ఒక ఆకారం. తెల్ల జుట్టు. తల వాల్చేసి ఉంది. ఒళ్లో... చీపురు.

"ఓరి దేవుడో!" అని గుండె పట్టుకున్న వదిన, మరుక్షణం పగలబడి నవ్వింది. "కింది అంతస్తు ఊడ్చే పెద్దమ్మే!"

నిజమే. మెట్లు ఊడుస్తూ కునుకు తీసింది. పైనా కిందా తాళాలు పడ్డాయి. నడుమ ప్రాణమున్న మనిషి ఉందేమో చూశాడా ఆ మహానుభావుడు? లేదు. ఆ ఆరుగురప్పుడూ అంతే. తాళం వేసేవాడు లోపలికి ఎప్పుడు చూశాడు గనక!

కథలక్కకు ప్రాణం లేచొచ్చింది. ముసలామెను తట్టి లేపింది. "భలే హడలగొట్టావు పెద్దమ్మా! కథ మీద అంత ఆశా?"

ముసలామె కళ్లు నులుముకుని, ఈమె పెదాలకేసి చూసింది.

"మెల్లగా చెప్పవే తల్లీ. చెవులు పోయి పదేళ్లయింది. పెదాలు చూస్తే గానీ తెలీదు... ఏ కథ?"

వదిన నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

సూపర్‌వైజరు తాళం అక్కడే పారేసి, మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు. ఆ తలుపుకు మళ్లీ ఎవరూ తాళం వేయలేదట.

కథలక్క తలుపు బార్లా తెరిచి ఉంచింది. తన స్టూలు ఖాళీ వరసకు ఎదురుగా తిప్పుకుంది. ఆగిన చోటు వెతుక్కుని, గొంతు సవరించుకుంది.

"ముసలాయన భుజం మీద చెయ్యి వేశాడు..."

ఎదురుగా ఒక స్టూలు కిర్రుమంది — ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు.