సాలమోను మాస్టారి సాక్ష్యం

రాజోల్లో లెక్కలు చెప్పే సాలమోను మాస్టారు మహా ప్రార్థనాపరుడని పేటంతా నమ్మేది.

పొద్దున్న ఏడింటికి ఒకసారి, సాయంత్రం ఏడింటికి ఒకసారి అతని గది తలుపు మూసుకునేది. పావుగంట దాకా తెరుచుకునేది కాదు. ఎవరైనా వస్తే తల్లి అప్పాయమ్మ గారు అరుగు మీదే ఆపేసి, "అబ్బాయి ప్రార్థనలో ఉన్నాడండి" అనేవారు, గొంతు బాగా తగ్గించి. ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడికి ఇంత భక్తా అనుకుంటూ వచ్చినవాళ్ళు చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయేవారు.

లోపల మాస్టారు ఉడికించిన గాజు సిరంజి తీసి, తడి ఇసక కుండలో దాచుకున్న సీసాలోంచి ఇన్సులిన్ ఎక్కించి, తొడకి పొడుచుకునేవాడు. పంతొమ్మిదో ఏట వచ్చిన షుగరు. తొమ్మిదేళ్ళుగా ఆ సంగతి తల్లికీ, కొడుక్కీ, కాకినాడ డాక్టరు గారికీ తప్ప నాలుగో మనిషికి తెలీదు. తెలిస్తే పిల్లనెవరిస్తారని అప్పాయమ్మ గారి భయం. ప్రార్థనని ఆవిడ చెప్పేది పూర్తిగా అబద్ధమూ కాదు. సూది మొద్దుబారిన రోజుల్లో మాస్టారు దేవుణ్ణి గట్టిగానే తలుచుకునేవాడు.

అంత మంచి పేరు ఊరికే పోతుందా? పంతొమ్మిది వందల ఎనభై నాలుగు వేసవిలో చర్చిలో ఉపవాస కూటం పెట్టేరు. సంఘ పెద్ద మోషే గారు లేచి, "నడిపించాల్సింది మన మాస్టారేనండి, ఇంకెవరున్నారు?" అని తేల్చేశారు. కాదనడానికి ఒకే ఒక్క కారణం ఉంది. అది చెప్పడానికి లేదు.

ఆ రోజు సాలమోను సగం మందే వేసుకుని, ఖాళీ కడుపుతో వెళ్ళి నిలబడ్డాడు. పదకొండు దాకా బాగానే ఉంది. పన్నెండింటికి చొక్కా తడిసిపోయింది. అక్షరాలు చీమల్లా కదలడం మొదలెట్టేయి. కీర్తన చదవాల్సినవాడు కళ్ళు మూసుకుని, "పదమూడు ఏడులు తొంభై ఒకటి... పదమూడు ఎనిమిదులు నూట నాలుగు..." అన్నాడు.

"ఆమేన్" అన్నారు మోషే గారు.

ఇందులో ఏదో లోతైన అర్థముందని అందరూ తలలు వంచుకున్నారు. వంచుకోనిది ఒక్క మనిషే. ఆడవాళ్ళ వైపు చాపల మీంచి ఒకమ్మాయి లేచి, తిన్నగా మగవాళ్ళ వైపు నడిచొచ్చి, చేతిరుమాలు ముడి విప్పి, మాస్టారి నోట్లో గుప్పెడు పంచదార కుక్కింది.

చర్చంతా గగ్గోలెత్తింది. ఉపవాస కూటంలో, దేవుడి బల్ల ముందు, ముక్కూ మొహం తెలియని ఆడపిల్ల పంచదార పెట్టడమేంటి?

"వడదెబ్బండి! గాలి తగలనివ్వండి, జరగండి!" అని కసిరిందా అమ్మాయి. నీళ్ళు తాగించింది. పది నిమిషాలకి సాలమోను కళ్ళు నిలబడ్డాయి. ఎదురుగా చామనచాయ మొహం, గడ్డం మీద చిన్న మచ్చ, కోపంగా చూస్తున్న రెండు కళ్ళు.

"ఎన్ని యూనిట్లు వేసుకున్నారండీ పొద్దున్న?" అంది, అతనికి మాత్రమే వినపడేలా.

"యూనిట్లేంటండీ? కరెంటు బిల్లా?" అన్నాడు సాలమోను, ఉన్న తెలివంతా కూడదీసుకుని.

"బావుంది. ఈ పంచదార నా కోసం నేను మోసుకు తిరుగుతున్నదండి. పదకొండేళ్ళయింది. మీ చేతుల దగ్గర స్పిరిట్ వాసన నాకు తెలీదనుకున్నారా?" అని, రుమాలు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఆమె పేరు ఎస్తేరు. పంచాయతీ సమితి ఆఫీసులో టైపిస్టుగా కొత్తగా బదిలీ అయి, మేరీ పిన్ని ఇంట్లో ఉంటోంది. తన షుగరు సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెప్పేసే మనిషి. ప్రతి శనివారం పిన్ని ఇంటి వసారాలో ఆమె షుగరువాళ్ళని పోగుచేస్తుందని సాలమోను విన్నాడు. రెండు శనివారాలు ఆ వీధిలోంచి ఊరికే నడిచాడు. మూడోసారి ఆమే గుమ్మంలోంచి కేకేసింది.

"మాస్టారూ, అరిగేవి చెప్పులేనండి. లోపలికి రండి."

వసారాలో స్పిరిటు దీపం మీద గాజు గొట్టంలో నీలం మందు మరుగుతోంది. అందులో ఎనిమిది చుక్కల ఒంటేలు వేసి కాస్తారు. నీలంగా ఉంటే మంచిది, పచ్చబడితే జాగ్రత్త, ఇటుక రంగైతే చీవాట్లు. చీవాట్లు ఆ పూట గంగయ్య గారు తింటున్నారు. కొబ్బరితోటల ఆసామి, అరవై దాటిన మనిషి.

"గంగయ్య గారూ, పనసతొనలు తిన్నారు గదండీ?"

"రెండేనమ్మా."

"రంగు చూస్తే చెట్టంతా తిన్నట్టుంది."

పక్కన సుబ్బాయమ్మ గారు పాదం చాపుకుని కూచున్నారు. అరికాల్లో పుండు. వారం వారం దాన్ని కడిగి కట్టుకట్టేది ఎస్తేరే. ఇన్సులిన్ కోసం నెలకొకరు వంతు చొప్పున, ఐసు ముక్కలేసిన థర్మాస్ ఫ్లాస్కు పట్టుకుని, ఎదుర్లంక దగ్గర పంటు ఎక్కి గోదావరి దాటి, యానాం మీదుగా కాకినాడ వెళ్ళొస్తారు. అందరి సీసాలూ ఒక్కరే తెస్తారు.

"ఊఁ, కాళ్ళు చూపించండి" అంది ఎస్తేరు, సాలమోనుతో.

"కాళ్ళెందుకండీ?"

"మనకి దెబ్బ తగిలితే తెలీదు. ఒకరి పాదాలు ఒకరు చూడాలి. ఇక్కడ రూలండి."

ప్రేమలు చూపులతో మొదలవుతాయని సాలమోను వినున్నాడు. ఒకమ్మాయి తనని మొదటిసారి అంత శ్రద్ధగా, అంత సేపు చూసింది తన అరికాళ్ళని. వేళ్ళ సందులు కూడా చూసి, "గోళ్ళు ఎవరు తీస్తారండీ, మేస్త్రీనా?" అంది. అతనికి చెవులు ఎర్రబడ్డాయి. ఆ శనివారం నించి మళ్ళీ శనివారం కోసం చూడడం మొదలెట్టేడు. వెళ్ళే ముందు పాదాలు రెండుసార్లు సబ్బుతో తోముకునేవాడు.

నాలుగు శనివారాలకి పేట కళ్ళు తెరుచుకుంది. మోషే గారు అప్పాయమ్మ గారి అరుగెక్కారు.

"అప్పాయమ్మ గారూ, అబ్బాయి ఆ టైపిస్టు పిల్ల ఇంటికి వెళ్తున్నాడంటున్నారు. ఏంటండీ సంగతి?"

అప్పాయమ్మ గారు క్షణం ఆలోచించారు. అమలాపురం ప్రభాకరరావు గారి అమ్మాయి సంబంధం దాదాపు ఖాయమైంది. కుర్రాడి ప్రేమ గాలివాటు, పెళ్ళయితే పోతుంది. షుగరు పోదు.

"ఆయ్. ఏదో వయసు గదండీ. ఆ పిల్లే కాస్త చనువు చేస్తోంది. నేను మందలిస్తాను లెండి" అన్నారావిడ.

లోపలి గదిలో చేతిలో సిరంజితో ఉన్న సాలమోను అంతా విన్నాడు. బయటికొచ్చి అదేం కాదండీ అనలేదు. అలా అనకపోవడం తల్లి మాటకి గౌరవమని తనకి తాను చెప్పుకున్నాడు.

వారం తిరక్కుండా మేరీ పిన్ని వసారా మూసేసింది. "నలుగురు నాలుగు రకాలుగా అంటున్నారు. నాకీ గాజు గొట్టాలూ వద్దు, మగవాళ్ళ కాళ్ళూ వద్దు" అంది. మూడు వారాలు గడిచాక, ఒక వానరోజు ఎస్తేరు తిన్నగా బడికొచ్చింది. తొమ్మిదో తరగతి గది బయట నిలబడి పిలిచింది.

"మాస్టారూ, నేను మిమ్మల్ని వలేసి పట్టేనని మీ అమ్మగారు చెప్పేరంట?"

"అమ్మ ఏదో..."

"మీరు ఇంట్లోనే ఉన్నారంట గదండీ."

సాలమోను సుద్దముక్క నలిపేస్తూ నిలబడ్డాడు.

"నా పేరు దుప్పటిలా కప్పుకుని మీ షుగరు దాచుకున్నారు. నన్నెవరేమన్నా ఫరవాలేదండి, అలవాటే. కానీ ఈ పుకారు విని సుబ్బాయమ్మ గారింట్లో నన్ను గడప తొక్కనివ్వలేదు, మూడు వారాలై ఆవిడ కట్టు మార్చినవాళ్ళు లేరు. నిన్న బలవంతాన వెళ్ళి చూస్తే పుండు నల్లబడింది. ఆవిడ కాలు పోతే ఆ లెక్క మీ ఇద్దరిలో ఎవరు కడతారు, మీరా, మీ అమ్మగారా?"

ఆమె వెనక్కి తిరిగి వానలోనే వెళ్ళిపోయింది, గొడుగు వరండాలో మర్చిపోయి.

ఆ సాయంత్రమే సాలమోను సుబ్బాయమ్మ గారిని రిక్షా ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళేడు. రెండు వేళ్ళు తీసేశారు. పాదం దక్కింది. ఆవిడ అతన్నొక్క మాటా అనలేదు. "నీ కాళ్ళు బావున్నాయా నాయనా?" అని అడిగారు. తిట్టినా అంత తగిలేది కాదు.

ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు, "ఎవరైనా సాక్ష్యం చెప్తారా?" అనడమే తరువాయి, సాలమోను లేచాడు.

"అందరికీ వందనాలండి. నేను రెండుపూటలా తలుపేసుకునేది ప్రార్థనకి కాదండి, ఇంజక్షనుకి. నాకు షుగరుంది. తొమ్మిదేళ్ళయింది. ఎస్తేరు గారింటికి నేను వెళ్ళింది కాళ్ళు చూపించుకోడానికి."

వెనకెవరో కిసుక్కుమన్నారు.

"మనం విన్న పుకారు అబద్ధమని నాకు తెలుసండి. నా రోగం బయటపడకుండా ఉంటుందని ఊరుకున్నాను. దానివల్ల ఒక మంచిమనిషి పేరు పాడైంది, ఇంకొకరికి రెండు వేళ్ళు పోయాయి. ఇదండీ నేను ఒప్పుకోవాల్సింది."

ఈసారి ఎవరూ ఆమేన్ అనలేదు. అప్పాయమ్మ గారు కొంగు మొహాన కప్పుకున్నారు.

బుధవారానికి అమలాపురం నించి ఉత్తరం వచ్చింది. అబ్బాయి నిజాయితీ తమకెంతో నచ్చిందనీ, అమ్మాయికి మాత్రం వేరే సంబంధం చూసుకుంటున్నామనీ ప్రభాకరరావు గారు రాశారు. గురువారం మోషే గారు పెరటి దారిన వచ్చారు.

"మాస్టారూ, ఈ మధ్య దాహం దాహంగా ఉంటోందండి. ఒళ్ళు సగమైపోయింది. ఆ టైపిస్టు పిల్ల గొట్టంలో ఓసారి చూపిస్తారా? నలుగురికీ తెలియకూడదు సుమండీ."

శనివారానికి మాస్టారి తలుపు తట్టినవాళ్ళు తొమ్మిదిమంది. తొమ్మిదిమందీ నలుగురికీ తెలియకూడదన్నవాళ్ళే. సంఘ పెద్దే వస్తున్నాడని తెలిసి మేరీ పిన్ని వసారా తెరవడమే కాదు, అలికి ముగ్గు కూడా పెట్టింది. తను మొదటినించీ ఇందుకు అనుకూలమేనని చెప్పుకుంది.

ఎస్తేరు మాత్రం సాలమోనుతో గొట్టాలు కడిగించుకునేది, మాట్లాడేది కాదు.

ఆ నెల కాకినాడ వంతు గంగయ్య గారిది. ఆయనకి హఠాత్తుగా మోకాళ్ళు పట్టేశాయి. ఎస్తేరు ఎలాగూ డాక్టరుకి చూపించుకోడానికి వెళ్తోంది కనక, ఫ్లాస్కు మొయ్యడానికి మాస్టారు తోడు వెళ్తే బావుంటుందన్నారు. చెప్పేసి, ఆ మోకాళ్ళతోనే చకచకా నడిచి వెళ్ళిపోయారు.

పంటు గోదావరి మధ్యకి వచ్చేసరికి వాన అందుకుంది. ఒక్కటే గొడుగు, బడి వరండాలో మర్చిపోయిన ఆమె గొడుగే. సాలమోను దాన్ని ఆమె మీదా ఫ్లాస్కు మీదా పట్టి, తను పూర్తిగా తడుస్తున్నాడు.

"లోపలికి రండి. జ్వరమొస్తే షుగరు పెరుగుద్ది" అంది ఎస్తేరు. అయిదు వారాల్లో మొదటి మాట.

"ఎస్తేరు గారూ, ఆ పుకారు అబద్ధమని చర్చిలో చెప్పేను గదండీ. అది మొత్తం నిజం కాదండి. పుకార్లో సగం నిజమే."

"ఏ సగం?"

"నా వైపు సగం. మీ వైపుది మీరే చెప్పాలి."

ఆమె నీళ్ళకేసి చూసింది. "నాకు మూడు సంబంధాలొచ్చాయండి. ముగ్గురికీ ముందే చెప్పేను. ముగ్గురూ కాఫీ తాగి, కప్పు కింద పెట్టి వెళ్ళిపోయేరు. ఇప్పుడు మీరు జాలిపడుతుంటే..."

"లెక్కల మాస్టారినండి. రెండువైపులా సమానంగా ఉన్నది కొట్టేస్తాం. జాలి పడాల్సిందేదో మీకెంతో నాకూ అంతే. కొట్టేశాక మిగిలింది అడుగుతున్నాను."

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకోలేదు కూడా. కాసేపటికి మళ్ళీ మొహం మబ్బేసింది. "ఇద్దరికీ ఉంటే పిల్లల సంగతేంటండీ?"

"తెలీదండి. ఎలాగూ డాక్టరు దగ్గరికే గదండీ వెళ్తున్నాం, ఇద్దరం కలిసి అడుగుదాం."

అడిగారు. డాక్టరు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, పిల్లలకి షుగరు రావచ్చు, రాకపోవచ్చు, రాదని మాత్రం నేను రాసివ్వలేను, జాగ్రత్తలు మామూలుకన్నా ఎక్కువ కావాలి అన్నారు. తిరుగు ప్రయాణంలో ఎస్తేరు ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. యానాం దాటాక, "నా వైపు సగమూ నిజమేనండి" అంది, ఫ్లాస్కుతో చెప్తున్నట్టు.

అప్పాయమ్మ గారు ఒప్పుకోలేదు. "ఇంట్లో ఒక సిరంజి చాలదంటరా?" అన్నారు. రెండు నెలలు కొడుక్కి అన్నం పెట్టారు గానీ మాట పెట్టలేదు.

కార్తీకంలో ఒక శనివారం, అందరూ వెళ్ళిపోయాక, ఆవిడే వసారా మెట్లెక్కి వచ్చారు. సాలమోను పెరట్లో నూతి దగ్గర గొట్టాలు కడుగుతున్నాడు. ఆవిడ అతన్ని చూడలేదు.

"ఒకటే నీరసంగా ఉంటోందమ్మా. కాలి వేళ్ళు తిమ్మిర్లు. నీ నీలం మందులో చూడు" అన్నారు, ఎటో చూస్తూ.

ఎస్తేరు దీపం వెలిగించింది. మందు పచ్చబడింది, పసుపు తిరిగింది, ఇటుక రంగు దగ్గర ఆగింది.

"మంట ఎక్కువైందేమో?" అన్నారు అప్పాయమ్మ గారు.

ఎస్తేరు మళ్ళీ కాచింది. మళ్ళీ అదే ఇటుక.

అప్పాయమ్మ గారు అక్కడే బల్ల మీద కూలబడ్డారు. ఎస్తేరు ఆవిడ ముందు కింద కూచుని, చెప్పులు విప్పి, పాదాలు ఒళ్ళోకి తీసుకుని, ఒక్కొక్క వేలూ చూసింది. ఎక్కడా దెబ్బ లేదు.

"భయం లేదండి. మాత్రలతో సరిపోవచ్చు. కాకినాడ తీసుకెళ్తాం."

"ఎవరికీ చెప్పకమ్మా."

"బయటివాళ్ళకి చెప్పనండి. ఇంట్లోవాళ్ళకైనా చెప్పకపోతే ఎలాగండీ? కనిపెట్టుకుని ఉండాల్సింది వాళ్ళే గదా."

అప్పాయమ్మ గారు కళ్ళు తుడుచుకున్నారు. ఆ అమ్మాయి పాపిటకేసి చూశారు.

"ఇంట్లోవాళ్ళంటే ఎవరున్నారే? వాడూ, నువ్వూ."

నూతి దగ్గర గాజు గొట్టం ఒకటి జారి భళ్ళున పగిలింది.

"ఆయ్, అత్తయ్య గారూ" అంది ఎస్తేరు.