టమోరా కాయిన్‌కి ఒక వేలిముద్ర

"ఒంటిగంటలోపు ఆ మంత్రి వేలిముద్ర పడిందంటే టమోరా దేశం పోయినట్టే. ఒంటిగంట దాటితే ఆఫర్ క్లోజ్." చెవిలో దాచిన మైక్రో రిసీవర్‌లోంచి చీఫ్ గొంతు. "గుర్తుందా డేనియల్?"

"గుర్తుందండి," అన్నాడు ఏజెంట్ డేనియల్. వడ్డించేవాడి వేషం, చేతిలో నేతి గిన్నె. భీమవరంలో రొయ్యల మేత వ్యాపారి అమ్మిరాజు గారి గెస్ట్‌హౌస్. టైము పన్నెండు నలభై.

టమోరాకి స్వాతంత్ర్యం వచ్చి ఎనిమిది నెలలు. రొయ్యల చెరువులు చూడ్డానికొచ్చిన ఆ ద్వీపపు ఆర్థికమంత్రి ముందు అరిటాకు, పక్కన ట్యాబ్లెట్. అందులో ఓ కంపెనీతో ఒప్పందం: దేశానికి సొంత క్రిప్టో కాయిన్. కుడి బొటనవేలు ఆనిస్తే చాలు. ఆ కంపెనీ వెనకున్న విదేశీ ముఠా సంగతి ఆయనకి తెలీదు.

డేనియల్‌కి తెలుసు. తెలిసే, పోయిన నెల ఆ టాప్ సీక్రెట్ ఫైలు చదివిన రోజే, ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేసి ముందస్తు అమ్మకంలో ఆ కాయిన్లే కొన్నాడు. భార్య మెర్సీకి చెప్పలేదు. ఆదివారం చర్చిలో ఆమె పక్కన నిలబడి పాడటం మానేశాడు. జలుబన్నాడు.

ముఠా దగ్గరా, మన డిపార్ట్‌మెంట్ దగ్గరా జీతం తీసుకునే డబుల్ ఏజెంట్ రూబీ పట్టుచీరలో మెరుస్తూ పక్కకొచ్చింది. "మీ కాయిన్ల వాలెట్ చూశానండి డేనియల్ గారూ. ఊరుకుంటే సాయంత్రానికి పదింతలు."

"పాపం కదండీ?"

"మరి కొన్నప్పుడేంటండి, పుణ్యమా?"

మంత్రి బొటనవేలు లేచింది. డేనియల్ గుండె రెండుసార్లు కొట్టుకుంది. ఒకటి దేశం కోసం, ఒకటి డిపాజిట్ కోసం. కళ్లు మూసుకుని మంత్రి ముద్దపప్పు మీద, చేతి మీద గరిటెడు నెయ్యి పోశాడు.

ట్యాబ్లెట్ "ట్రై ఎగైన్" అంది. మంత్రి టిష్యూతో తుడుచుకున్నాడు. మళ్లీ నెయ్యి. మళ్లీ "ట్రై ఎగైన్".

"చెయ్యి కడుక్కొస్తాను," అని మంత్రి ఇంగ్లీషులో లేవబోయాడు.

అమ్మిరాజు గారు భుజం పట్టి కూర్చోబెట్టారు. "పెరుగన్నం తినకుండా లేస్తారా! మా ఇంటి పరువేం కావాలండి?"

కదలడానికి వీల్లేక మంత్రి మొదటిసారి ఒప్పందం చదివాడు. "నోట్లు అచ్చేసుకునే ప్రెస్ లేదు, కాయినైతే నయమనుకున్నాం. ఇదేంటి, కాయిన్ తాళాలన్నీ కంపెనీ దగ్గరా? జెండా మాది, డబ్బు వీళ్లదా?"

పన్నెండు యాభై తొమ్మిదికి ట్యాబ్లెట్ బోర్లించాడు. రూబీ వంటింటి దారిన మాయమైంది. పది నిమిషాల్లో కాయిన్ ధర సున్నా.

"శభాష్! ఒక దేశాన్ని కాపాడావోయ్," అన్నాడు చీఫ్.

వెంటనే సెల్ మోగింది. మెర్సీ. "ఏవండీ, మన డిపాజిట్ బాండు ఎక్కడ పెట్టారు?"

"ఆఫీసు విషయాలు ఇంట్లో చెప్పకూడదు మెర్సీ," అన్నాడు డేనియల్. పదేళ్ల కాపురంలో ఎన్నోసార్లు వాడిన ఆ సాకు నిజం కావడం అదే మొదటిసారి.