ముసుగు తియ్యరాదు

చచ్చిపడి ఉన్నవాడు కొంగ వేషంలో ఉన్నాడు. తెల్లటి పొడుగు గౌను, మొహానికి జాలీ ముసుగు, కుడిచేతికి కొంగతల బొమ్మ. గుండె దగ్గర మాత్రం ఎరుపు.

“మనవాడే,” ఫొటోని డేగ ముందుకు తోశాడు చీఫ్. “పక్షుల పెంపకం సెంటర్లో పనివాడిగా పెట్టాం. నిన్న లేపేశారు.”

డేగ అనేది సర్వీసులో అతని కోడ్ నేమ్. అసలు పేరు అతనికే సరిగా గుర్తులేదు.

“దేనికి సార్?”

“గుడ్డు కోసం. ఆ జాతి కొంగల్లో ఆఖరి ఆడది పెట్టిన ఆఖరి గుడ్డు. తల్లి పోయింది. లోపలున్నది ఆడపిల్లేనని టెస్టులో తేలింది. మగది ఒక్కటే ఉంది, పక్క దేశం జూలో. ఈ రెండూ జతకడితేనే జాతి నిలుస్తుంది. ఓ విదేశీ ముఠా దాన్ని కొట్టేసి ఎవడో కోటీశ్వరుడికి అమ్మబోతోంది.”

“గుడ్డు కోసం మనిషిని చంపారా?”

“మనుషులకేం కొరతయ్యా!”

సెంటర్లో మన ఏజెంట్ ఇంకొకరున్నారు. వెటర్నరీ డాక్టర్. చూపు తిప్పుకోనివ్వని అందం. లాకర్ రూమ్‌లో గౌను తొడుక్కుంటూ డేగ కోడ్ వదిలాడు: “ఇది నాకు వదులేమో!”

“కడుపునిండా తింటే సరిపోతుంది,” అందామె. జవాబు కరెక్టే.

“లోపల నోరెత్తకండి. ముసుగు అసలు తియ్యకండి. పిల్ల గుడ్డులోంచి వచ్చి మొదట ఎవర్ని చూస్తే వాళ్లే తన జాతి అనుకుంటుంది. మనిషి మొహం చూసిందా, జన్మలో కొంగతో జతకట్టదు.”

“మనవాణ్ని చంపిందెవరు?”

“తెలిస్తే మిమ్మల్నెందుకు పిలుస్తాం?” నవ్వింది.

ఇంక్యుబేటర్ రూమ్‌లో స్పీకర్లోంచి కొంగల అరుపులు. గుడ్డు మీద సన్నటి బీట. డాక్టర్ దాని మీదికి వంగింది. ఆమె చేతి కొంగముక్కు కిందికి వాలిపోతోంది. బట్టా ప్లాస్టిక్కూ అంత బరువుండవు.

లోపల పిస్టల్!

డేగ పక్కకి దూకాడు. ముక్కులోంచి వచ్చిన బుల్లెట్ గోడలో దిగింది. ఇద్దరూ మూగగానే కలబడ్డారు. మనిషి గొంతు వింటే సరుకు చెడుతుందని ఆమెకీ తెలుసు. మోకాలితో అతని పొట్టలో ఒక్కటిచ్చి, గుడ్డుని వెచ్చటి పెట్టెలో పెట్టుకుని ఎమర్జెన్సీ తలుపు వైపు పరుగెత్తింది. బయట వ్యాన్ ఇంజన్ మోగుతోంది.

డేగ పిస్టల్ ఎత్తాడు. జాలీలోంచి అంతా మసక. గురి కుదరడం లేదు. ఇన్నేళ్ల అలవాటు చేతిని కదిలించింది. ముసుగు లాగి పారేసి కాల్చాడు.

డాక్టర్ తొడ పట్టుకుని కూలిపోయింది. వ్యాన్ ఆమె కోసం ఆగలేదు. జారిన పెట్టెని డేగ ముందుకు దూకి నేలకి జానెడు ఎత్తులో అందుకున్నాడు. దెబ్బకి మూత ఊడింది.

పెంకు రెండు చెక్కలు. తడిసిన తల ఒకటి పైకి లేచి, నల్లటి కళ్లతో అతని మొహంలోకి చూసింది. ఆనందంగా కిచకిచమంది.

“ముసుగు తీశావేంట్రా, మొద్దు వెధవా!” నెత్తురు మడుగులోంచి డాక్టర్ అంది. పగతో కాదు. నిజంగానే బాధపడుతూ.

చెవిలో చీఫ్ గొంతు: “గుడ్డు?”

“పిల్లయింది సార్. బతికే ఉంది.”

“శభాష్! మగదాన్ని విమానం ఎక్కించమని చెప్పేస్తున్నా.”

“వద్దు సార్. పెళ్లిచూపులు అయిపోయాయి.”

“ఎవర్ని చూసిందయ్యా?”

పిల్ల అతని వేలు పొడుస్తోంది. డేగ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“నన్నే సార్. జీతం పెంచండి, సంసారం పెరిగింది.”