గుమ్మంలో దించిన దుంగ

దొరసాని కోట గోడ మీద నుంచి లోయలోకి దూకబోతోంది. టూరిస్టులు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. నేను గొంతు తగ్గించి, కళ్ళు మూసుకుని, "అప్పుడు ఆమె..." అన్నాను. సరిగ్గా అప్పుడే నా నెత్తిమీద ఒక బూటు పడింది.

వెనకాలే ఆకాశంలోంచి "సారీ" అని ఒక ఆడగొంతు వినిపించి దూరమైపోయింది. టూరిస్టులు చప్పట్లు కొట్టారు. దొరసానికి కాదు, బూటుకి.

మా ఊరు రొక్కాస్పీనాకి ఎదురుగా, లోయ అవతల మాకన్నా ఎత్తైన శిఖరం ఒకటుంది. దాని మీద నుంచి మా ఊరి కింది దాకా ఆ ఏడాదే ఇనప తాడు లాగారు. మనుషుల్ని బెల్టులతో కట్టి దానికి వేలాడదీసి వదిలితే, లోయ దాటి, నా కోట మీదుగా అరుచుకుంటూ పోయి కింది స్టేషన్లో దిగుతారు. నా కోట అని ఎందుకంటున్నానంటే దానికి గైడు, కాపలాదారు, ఊడ్చేవాడు అన్నీ నేనే. పేరు సవీనో.

కాసేపటికి ఆ బూటు మనిషి ఒంటికాలి మీద గెంతుకుంటూ మెట్లెక్కి వచ్చింది. గాలికి రేగిన జుట్టు, చెంప మీద గ్రీజు మరక, చంకలో హెల్మెట్. ఒర్నెల్లా. చిన్నప్పుడే అమ్మానాన్నలతో తోరినో పట్నం వెళ్ళిపోయి, ఇప్పుడు అన్నతో కలిసి ఈ తాడు పనికోసం నాన్నమ్మ ఇంటికి తిరిగొచ్చింది. అన్న నుంజియో పైనుంచి జనాన్ని వదుల్తాడు, ఈమె కింద ఆపి దింపుతుంది. పొద్దున్నే తాడు సరిగ్గా ఉందో లేదో తనే ఒకసారి ఎగిరి చూసుకోవాలట.

"నా బూటు ఇస్తారా?"

"దొరసాని దూకే వేళకి పడేశారు మీరు."

"ఇంకా దూకలేదా? నేను అటు పోయేటప్పుడే గోడ మీద ఉందిగా ఆవిడ," అంది. "మీ కథ కన్నా మా తాడే నయం. మా దగ్గర జనం అరుస్తారు. మీ దగ్గర ఆవలిస్తారు."

నాకు ఒళ్ళు మండింది. బూటు వెనకాల దాచుకుని, తోరినోలో పిల్లలకి లేసు కట్టుకోవడం నేర్పరా అని అడిగాను. దానికి కోపం తెచ్చుకుంటుందనుకుంటే పకపకా నవ్వేసింది. నవ్వకుండా ఉంటే బాగుండేది. ఆ రోజంతా నేను నార్మన్లని అరబ్బుల్ని చేశాను, అరబ్బుల్ని నార్మన్లని చేశాను, ఎవరు ఎవర్ని ముట్టడించారో నాకే తెలీకుండా పోయింది.

ఆ వేసవంతా అదే పోరు. నేను ముట్టడి దగ్గరికి రాగానే పైనుంచి ఎవడో జర్మన్ కెవ్వుమంటూ పోయేవాడు. కాసేపు ఆపమని కబురు చేస్తే, కథ కాస్త పొట్టిగా చెప్పుకోమని తిరుగు కబురు వచ్చేది. చివరికి ఒకరోజు అనుకోకుండా కుదిరింది. నేను "దొరసాని కోట తాళాలు పట్టుకుని దూకింది" అనడం, నెత్తిమీద ఒకావిడ గావుకేక పెట్టడం ఒకేసారి జరిగాయి. విన్నవాళ్ళలో ఒక ముసలాయన నిజంగానే ఏడ్చాడు.

మర్నాడు సిగ్గు విడిచి ఒర్నెల్లా దగ్గరికి వెళ్ళి ఒప్పందం చేసుకున్నాను. నేను గోడ సందులోంచి ఎర్ర రుమాలు ఊపుతాను. తను కింద నుంచి చూసి వాకీటాకీలో అన్నకి చెబుతుంది. అన్న మనిషిని వదుల్తాడు. నా దొరసాని రోజుకి మూడుసార్లు అద్భుతంగా దూకడం మొదలుపెట్టింది. బాగా అరిచేవాళ్ళని నాకోసం ఏరి పెడుతున్నానని ఒర్నెల్లా గొప్పలు పోయేది. సాయంత్రం ఎవరి కేక ఎలా ఉందో మాట్లాడుకుంటూ ఇద్దరం కలిసి మెట్లు దిగేవాళ్ళం. ఎప్పుడు "మీరు" పోయి "నువ్వు" వచ్చిందో నాకు గుర్తులేదు.

ఒక్క విషయంలో మాత్రం నన్ను వదిలేది కాదు. ఒక్కసారి ఎగరరాదూ అని రోజూ వేధించేది. మోకాలు నొప్పన్నాను, అమ్మ తిడుతుందన్నాను, కోట ఒంటరిగా ఉంటుందన్నాను. నిజం ఏమిటంటే నాకు ఎత్తంటే ప్రాణభయం. కోట గైడునై ఉండి గోడ అంచుకి బారెడు దూరంలో నిలబడి కథ చెప్పేవాణ్ణి. అది తను ఎప్పుడో కనిపెట్టేసింది.

వాళ్ళిల్లు కోటకెళ్ళే మెట్లదారికి సగంలో ఉంది. నాన్నమ్మ ఫిలొమేనా అవ్వ గుమ్మంలో కూచుని ఎర్ర మిరపకాయలు దండ గుచ్చుతూ ఉంటుంది. కోటలో ఊట ఉన్నా సరే, రోజూ పైకెళ్తూ అక్కడ ఆగి అవ్వనడిగి మంచినీళ్ళు తాగేవాణ్ణి. మా ఎండలు అలాంటివి మరి.

ఇలా హాయిగా సాగుతున్న రోజుల్లో, ఊరి పండగకి టూరిస్టులకో పాత ఆచారం చూపిద్దామని నాకే బుద్ధి పుట్టింది. మా తాతల కాలంలో కుర్రాడు పిల్ల నచ్చిందని నోటితో చెప్పేవాడు కాదు. ఓక్ దుంగ ఒకటి మోసుకొచ్చి పిల్ల ఇంటి గుమ్మంలో పెట్టి పోయేవాడు. దుంగని లోపలికి తీసుకుంటే పెళ్ళి ఖాయం. మెట్ల మీద దొర్లించేస్తే కాదన్నట్టు. మా ఊళ్ళో వీధులన్నీ రాతి మెట్లే కాబట్టి ఆ చప్పుడు ఊరంతా వినేది, కుర్రాడు కొన్నాళ్ళపాటు మొహం చూపించేవాడు కాదు.

పండగ ముందు రోజు, శనివారం, అలాంటి దుంగనొకదాన్ని భుజానెత్తుకుని కోటకి బయల్దేరాను. సగం దారిలో చెమటలు కారిపోతుంటే రోజూ ఆగే చోటే ఆగాను. దుంగ గుమ్మంలో దించి, మొహం తుడుచుకుని, "అవ్వా, కాసిని మంచినీళ్ళు" అన్నాను.

అవ్వ నా వైపు చూసింది. దుంగ వైపు చూసింది. మిరపకాయల దండ పక్కన పెట్టి, గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, ఆ వయసులో ఎక్కణ్ణించి వచ్చిందో బలం, దుంగని లోపలికి దొర్లించుకుపోయి తలుపేసుకుంది. నీళ్ళు కూడా ఇవ్వలేదు.

తలుపు కొట్టాను. పెళ్ళికొడుకు ఇలా తలుపులు బాదకూడదు, ఇంటికి పో నాయనా అని లోపల్నుంచి సమాధానం వచ్చింది.

నేను కోట చేరి రెండు గదులు ఊడ్చేలోపల కబురు ఊరంతా పాకిపోయింది. మంగలి కింద నుంచే చెయ్యి ఊపాడు. ఫాదరు పెళ్ళి ఏ నెల అనుకుంటున్నారని అడిగించాడు. మా అమ్మ ఏడుస్తూ, నవ్వుతూ, పిండివంటలకి నూనె పొయ్యి మీద పెట్టిందట.

అప్పుడు ఒర్నెల్లా వచ్చింది. పరిగెత్తుకుని వచ్చినట్టుంది, మొహం ఎర్రగా కందిపోయి ఉంది. ఈసారి బూట్లు రెండూ ఉన్నాయి.

"నువ్వు దుంగ పెట్టావా?"

ఆ కళ్ళల్లో కోపమే ఉందనుకున్నాను. ఇంకోటి కూడా ఉందని అప్పుడు నాకు తట్టలేదు. పిరికివాడు నిజం చెప్పినా పిరికిగానే చెబుతాడు.

"అయ్యో, లేదు. అదంతా పొరపాటు," అన్నాను. "బరువనిపించి దించానంతే. నీకోసం కాదు."

ఆ మాట నోట్లోంచి ఊడిపడగానే గుండెలో కలుక్కుమంది. తన మొహం చూశాక ఇంకా గట్టిగా కలుక్కుమంది.

"నాకోసం కాదు," అని మెల్లిగా తల ఊపింది. "సరే. రేపు పని అయిపోయాక ఇంటికెళ్ళి దాన్ని మెట్ల మీద దొర్లించేస్తాను. ఊరంతా వింటుంది. నీ పొరపాటు తీరిపోతుంది."

వాకిలి దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"రోజూ ఆ దొరసానిని దూకిస్తావు కదా. నువ్వెప్పుడన్నా ఆ అంచు దాకా వెళ్ళి చూశావా, సవీనో?"

ఆ సాయంత్రం మెట్లు ఒక్కణ్ణే దిగాను. ఏ కేక ఎలా ఉందో చెప్పడానికి పక్కన మనిషి లేదు. అప్పుడు తెలిసింది నాకు, ఆ వేసవంతా నేను కథ చెప్పింది టూరిస్టులకి కాదని. రుమాలు ఊపడానికే చెప్పాను.

ఆదివారం పండగ కథ తొందరగా ముగించి కోటకి తాళం వేశాను. లోయలోకి దిగి, పాత పిండిమరల పక్క నుంచి వాగు దాటి, అవతలి శిఖరం ఎక్కాను. దారిలో కట్టెలు కొట్టేవాళ్ళనడిగి మంచి దుంగ ఒకటి తీసుకున్నాను. పైకి చేరేసరికి నా మోకాలు నిజంగానే నొప్పెట్టింది.

నుంజియో నన్ను చూశాడు, దుంగని చూశాడు. ఆ చూపు అచ్చం వాళ్ళ నాన్నమ్మదే. ఆవిడ నిన్నటి నుంచి ఆ దుంగ మీదే కూచుందని, భోజనం కూడా దాని మీదే చేస్తోందని, కూర్చున్న మనిషిని లేపి దుంగని దొర్లించడం ఎలాగో ఒర్నెల్లాకి పాలుపోవడం లేదని చెప్పాడు. చెబుతూనే దుంగని సంచిలో పెట్టి నాకు కట్టాడు, నాకు బెల్టులు బిగించాడు.

"భయంగా ఉందా బావా?"

"చచ్చిపోతానేమో అన్నంత."

"మా చెల్లి నిన్న రాత్రి అన్నం తినలేదు," అన్నాడు. తర్వాత వాకీటాకీ తీసి, ఆఖరి మనిషి వస్తున్నాడు, కాస్త బరువెక్కువ అని చెప్పి నన్ను తోసేశాడు.

ఏం చెప్పను. కాళ్ళ కింద భూమి లేదు. లోయ లేచి మీద పడుతోంది. వాగు, మరలు, మేకలు గిర్రున తిరిగాయి. నా కోట నా కిందికి వచ్చి పోయింది, ఆ గోడ అంచుని జీవితంలో మొదటిసారి చూశాను, అదీ పైనుంచి. పాపం దొరసానికి బెల్టులు కూడా లేవు. నా కుడికాలి బూటు జారి కోట ముంగిట్లో పడింది. ప్రాణం నిలపమని దేవుణ్ణి అరిచి వేడుకున్నాననే నేను అనుకున్నాను. కానీ ఊళ్ళో విన్నవాళ్ళంతా చెప్పేది వేరు. ఆ కొస నుంచి ఈ కొస దాకా నేను అరిచింది ఒకటే మాటట, ఒర్నెల్లా అని.

కింద తనే ఆపింది. బెల్టులు కూడా తనే విప్పింది. నా చేతులు ఉన్నాయో లేదో నాకే తెలీడం లేదు. ఎలాగో దుంగని సంచిలోంచి లాగి తన కాళ్ళ దగ్గర పెట్టాను. నేనూ దాని పక్కనే కూలబడ్డాను.

"ఈసారి బరువనిపించి దించలేదు," అన్నాను. "అంటే, బరువే. కానీ ఇది నీకోసం. నిన్నటిది కూడా నీకోసమే, నాకే తెలీలేదు."

ఒర్నెల్లా కాలెత్తి దుంగ మీద పెట్టింది. స్టేషన్ అంచు నుంచి లోయలోకి ఏటవాలుగా బండలు. ఒక్క తోపు చాలు. దుంగ కాస్త కదిలింది, దాంతోపాటు నా ప్రాణం కూడా.

"ఇక్కడ గుమ్మం లేదు," అంది.

"లేదు."

"గుమ్మం లేనిచోట పెడితే చెల్లదు." వంగి దుంగకి ఒక చివర పట్టుకుంది. అప్పుడు చూశాను, నవ్వు ఆపుకోలేక పెదాలు కొరుక్కుంటోంది. "ఆ చివర పట్టుకో. నేనొక్కదాన్నే మోస్తాననుకున్నావా?"

ఊరి మెట్లన్నీ అలాగే ఎక్కాం, తను ముందు, ఒంటి బూటుతో నేను వెనక. నువ్వు సరిగ్గా పట్టుకోవడం లేదంటే నువ్వే లాగుతున్నావని పోట్లాడుకుంటూ వెళ్ళాం. మిరపకాయల దండలు వేలాడే బాల్కనీల్లోకి జనమంతా వచ్చి నిలబడ్డారు. నా కేకని అప్పుడే ఎవరో పిల్లలు అనుకరిస్తున్నారు. నాకు సిగ్గనిపించలేదు, ఇంకోసారి అరవాలనిపించింది.

అవ్వ గుమ్మానికి లోపలి వైపు మొదటి దుంగ మీద కూచునే ఉంది. తప్పు ఒప్పుకోవాలి కదా అని, నిన్నటిది పొరపాటున దించానని, అసలుది ఇదని చెప్పాను.

"నాకు తెలీదనుకున్నావా," అంది అవ్వ. "కోటలో అంత చల్లటి ఊట పెట్టుకుని రోజూ ఇక్కడ నీళ్ళు తాగేవాడికి ఏం కావాలో వేసవంతా చూస్తూనే ఉన్నాను. నీకెప్పటికి తెలుస్తుందో అని విసుగొచ్చి లోపలికి లాక్కున్నాను."

లేచి పక్కకి జరిగి దారి ఇచ్చింది. రెండోదీ లోపల పెట్టండి, చలికాలం వస్తోంది అంది.

దుంగ లోపల దించాక ఒర్నెల్లా గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. గడగడా తాగేశాను. నిజంగా దాహం వేసి ఆ ఇంట్లో నీళ్ళు తాగడం అదే మొదటిసారి.